నాయకునికి తొలి పరీక్ష: డోర్నకల్ బిషప్ అజరయ్య

నాయకత్వమనగానే మనలో చాలామందికి వేదిక, పూలమాల, జయధ్వానాలు స్ఫురిస్తాయి. ఇవన్నీ నాయకత్వానికి వెలుపలి అలంకారాలు. ఇతరులను ఏ త్యాగానికి ఆహ్వానిస్తున్నాడో ఆ త్యాగానికి తాను ముందుగా సిద్ధపడినాడా అన్నదే నాయకునికి తొలి పరీక్ష. ఏ మతానికి చెందినవాడైనా, ఏ సంస్థకు పెద్దయైనా ఈ పరీక్ష నుండి తప్పించుకొనలేడు. ఈ పరీక్షలో నెగ్గిన క్రైస్తవ నాయకుడొకరు మన తెలుగునేలమీదనే జీవించి, ఇక్కడనే కన్నుమూశారు. ఆయన డోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య.

అజరయ్యగారు 1874లో తమిళదేశంలోని తిరునెల్వేలి ప్రాంతంలో, ఒక గ్రామ క్రైస్తవ గురువు ఇంట జన్మించారు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివినా పట్టం పుచ్చుకొనలేదు. తరువాత వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణదేశమంతటా పర్యటిస్తూ యువకులను సేవామార్గానికి పురికొల్పేవారు. ఆనాడు మన దేశంలో క్రైస్తవ మత వ్యాప్తి చాలావరకు విదేశీ ధనంతో, విదేశీయుల ఆధిపత్యంలో సాగుతుండేది. భారతీయులే, భారతీయుల ధనంతోనే, భారతీయుల నిర్వహణలోనే ఈ పని జరగాలని ఆయన వాదించారు. వాదించి ఊరుకొనలేదు. 1903లో తిరునెల్వేలిలో ఒక మిషనరీ సంఘాన్ని, 1905లో వంగదేశంలోని శ్రీరాంపూరులో జాతీయ మిషనరీ సంఘాన్ని నెలకొల్పడంలో ప్రముఖ పాత్ర వహించారు. తిరునెల్వేలి సంఘం నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెలను తన సేవాక్షేత్రంగా ఎన్నుకొన్నది.

ఇక్కడనే ఆయనకు అసలు చిక్కు ఎదురైంది. “స్వగ్రామం విడిచి, పరభాష నేర్చి, పేదల మధ్య పని చేయండి” అని ఇతరులకు ఉపదేశిస్తున్న తాను మాత్రం ఉన్న చోటనే ఉండటం న్యాయమా? ఈ ప్రశ్నకు ఆయన ఉపన్యాసంతో సమాధానం చెప్పలేదు. 1909లో ఉద్యోగం వదలి డోర్నకల్‌కు వచ్చారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియైదుకు చేరువలో ఉన్నది. ఆ వయస్సులో తెలుగు అక్షరాలు దిద్దుకొని, పల్లెప్రజలతో వారి భాషలోనే మాట్లాడగల స్థితికి రావడం సామాన్యమైన శ్రమ కాదు. నేడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న డోర్నకల్ నాడు రైలుమార్గాన గల ఒక చిన్న ఊరు.

తనను తాను ఇట్లా పరీక్షించుకొన్న మనిషికే ఇతరులను ప్రశ్నించే అర్హత కలుగుతుంది. 1910లో స్కాట్లండు దేశపు ఎడింబరో నగరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1200 మంది ప్రతినిధులలో ఆసియావాసులు ఇరవైమందికి మించలేదు. ఆ సభలో అజరయ్యగారు విదేశీ మిషనరీల దానాన్ని, ప్రాణత్యాగాన్ని మనసారా కొనియాడారు. అయితే భారతీయ సహోద్యోగులను వారు సేవకులుగా చూస్తున్నారే గాని మిత్రులుగా చూడటం లేదని నిర్మొహమాటంగా చెప్పారు. ఆ మాటలు కొందరికి రుచించలేదు. అయినా మూడేళ్ళు గడవకముందే ఆయన సామర్థ్యాన్ని సంఘం గుర్తింపక తప్పలేదు. కొందరి అభ్యంతరాలను తోసిరాజని 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కెథీడ్రల్‌లో ఆయనకు బిషప్ పదవినిచ్చారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే ప్రథమం.

పదవి వచ్చిన తరువాత మనిషి మారడం లోకసహజం. అజరయ్యగారు మాత్రం దొరలముందు ఏ న్యాయం అడిగారో, ఆ న్యాయాన్నే తన సంఘంలోనూ అడిగారు. ఆయన సంఘీయులలో అధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. ఊరు తమను దూరంగా నెట్టినదని బాధపడే ఆ ఇరువర్గాలూ పరస్పరం ఎడం పాటిస్తుంటే, ఆ భేదాన్ని తొలగించుటకు ఆయన పాటుపడ్డారు. పేదవాడైనా తన శక్తికొలది ఇచ్చి తన సంఘాన్ని తానే పోషించుకొనాలని బోధించారు. నిత్యమూ చేయిచాచేవానికి ఆత్మగౌరవం నిలువదని ఆయన విశ్వాసం.

అల్పసంఖ్యాక వర్గానికి చెందిన మనం ప్రత్యేకంగా ఆలోచింపదగిన విషయం మరొకటి ఉన్నది. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఏర్పరచే ప్రతిపాదనను ఆయన వ్యతిరేకించారు. దానివల్ల క్రైస్తవులు జాతీయ జీవనం నుండి వేరుపడి, సంఘం ఒక రాజకీయ వర్గంగా మారిపోగలదని ఆయన భయం. అట్లని ఆయన అందరి మెప్పునూ ఆశించినవారు కారు. 1930 తరువాతి కాలంలో మతాంతరీకరణ విషయమై గాంధీజీతోనే విభేదించారు. హరిజనులు తమ మతాన్ని తామే నిర్ణయించుకొనగల వివేకం కలవారని ఆయన వాదన. ఈ అభిప్రాయాలలో మనం ఆయనతో ఏకీభవించవచ్చు, ఏకీభవింపకపోవచ్చు. కాని తన వర్గానికి లభించే లాభాన్ని కాదనడానికీ, దేశమంతా పూజించే నాయకునికి ఎదురు చెప్పడానికీ ఒకే విధమైన ధైర్యం కావలెను. ఆ ధైర్యానికే నిజాయితీ అని పేరు.

ఆయన ఆదర్శానికి రాతిలో రూపం డోర్నకల్‌లోని ఎపిఫనీ కెథీడ్రల్. 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైన ఆ ఆలయంలో మసీదును తలపించే గుమ్మటాలు, దేవాలయ మంటపాన్ని స్ఫురింపజేసే రాతిస్తంభాలు కలసి ఉన్నాయి. క్రైస్తవం ఈ మట్టిలో పరాయిదిగా నిలువరాదన్న ఆయన మాటకు ఆ కట్టడమే సాక్షి. 1945 జనవరి 1న అజరయ్యగారు డోర్నకల్‌లోనే కన్నుమూశారు. ఆయన కలగన్న సంఘాల ఐక్యత, దక్షిణ భారత సంఘమనే పేరుతో, 1947లో గాని సిద్ధింపలేదు. నాటినవాడు ఫలం చూడకపోయినా చెట్టు నిలిచింది.

విద్యార్థులారా! నాయకత్వం ఏనాడో పదవి వచ్చిన తరువాత మొదలయ్యేది కాదు. హాస్టలు మెస్సు లెక్క వ్రాసే చేతిలో, పరీక్షహాలులో పక్కవాని కాగితం వైపు మరలని చూపులో అది నేడే మొదలవుతుంది. సంస్థలను నడిపే పెద్దలకూ ఇదే వర్తిస్తుంది. మనకు అప్పగింపబడిన పదవి, ధనం, పిల్లల భవిష్యత్తు అన్నీ అమానత్తులే. బయటివారిని న్యాయం అడిగే ముందు మన ఇంటిలో ఆ న్యాయం ఉన్నదా అని చూచుకొనడం మన మొదటి విధి. అజరయ్యగారు డోర్నకల్‌కు రైలెక్కిన నాడు చేసినది అదే.