పిట్టలు లేని పచ్చదనం

1986లో వచ్చిన 'గ్రీన్' ఆల్బమ్ రెండు రకాలుగా దొరుకుతుంది. జపాన్‌లో వేసిన ఎల్పీ రికార్డులో ఉన్నది స్వరకర్త హిరోషి యోషిమురా సింథసైజర్ సంగీతమే. అమెరికాలో అమ్మినదాంట్లో అదే సంగీతానికి నీళ్ల గలగలలూ పిట్టల కూతలూ తోడయ్యాయి. పేరు 'గ్రీన్' అయినప్పుడు అడవి వినపడకపోతే ఎలా అనుకున్నారో ఏమో! 2020లో లైట్ ఇన్ ది ఆటిక్ రికార్డుల సంస్థ ఈ ఆల్బమ్‌ను మళ్లీ తెచ్చినప్పుడు జపాన్ మిక్స్‌నే ఎంచుకుంది. మంచి పని చేసింది.

ఎందుకంటే ఇక్కడ ప్రకృతిని పలికించే బాధ్యతంతా యంత్రానిదే. యోషిమురా ఎక్కువగా వాడినవి యమహా ఎఫ్‌ఎం సింథసైజర్లు. వాటిలో ఒక ధ్వని తరంగం మరో తరంగపు పౌనఃపున్యాన్ని చాలా వేగంగా అటూ ఇటూ ఊపితే కొత్త కొత్త నాదాలు పుడతాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ 1967లో పట్టుకున్న కిటుకు ఇది. గంట మోగినట్టు, గాజు మీద మీటినట్టు ఉండే శబ్దాలు ఇందులో బాగా పలుకుతాయి. 1983లో యమహా సింథసైజర్ డీఎక్స్7 వచ్చాక పాప్ పాటల నిండా ఇవే. అక్కడ అవి మెరుపుల కోసం. యోషిమురా మాత్రం తళుకు తగ్గించి, స్వరానికీ స్వరానికీ మధ్య చోటు వదిలాడు. 'క్రీక్' (వాగు) అనే ట్రాక్‌లో చిన్న స్వరాల వరస తిరిగి తిరిగి వస్తుంటే, వాగు పారుతోందని ఎవరూ చెప్పక్కర్లేదు. దాని మీద నిజం వాగు చప్పుడు పోస్తే ఊహకు పనేముంటుంది?

ఆల్బమ్‌లోని ఎనిమిది ట్రాకుల పేర్లలో వాగుంది, గొర్రె ఉంది, వీధి ఉంది, చివర్న టీవీ కూడా ఉంది. ఊరినీ అడవినీ ఆయన వేరు చేయలేదు.

ఇలా పరిసరాల్లో కలిసిపోయే సంగీతాన్ని ఆంబియంట్ అంటారు. సంగీతకారుడు బ్రయన్ ఈనో 1978లో విమానాశ్రయాల కోసమంటూ ఆంబియంట్ ఆల్బమ్ చేశాడు. జపాన్‌లో ఈ తరహా సంగీతం నేరుగా కట్టడాల్లోకే వెళ్లింది. యోషిమురా 1982 నాటి తొలి ఆల్బమ్ టోక్యోలోని హరా మ్యూజియంలో వినిపించింది. 'గ్రీన్' వచ్చిన ఏడాదే మిసావా అనే ఇళ్ల నిర్మాణ కంపెనీ తన ఇళ్ల కోసం ఆయనతో 'సరౌండ్' చేయించుకుంది. తర్వాత టోక్యో నాంబోకు మెట్రో లైన్‌లో ప్రయాణికుల చెవిన పడే సూచన ధ్వనులు కూడా ఆయనే కూర్చాడు.