మంగలికత్తికి కొయ్యపిడి



మన యిండ్లలో అటకమీది పెట్టె తెఱచి చూచినచో తాతలనాటి మంగలికత్తి యొకటి తఱచుగా కనబడును. దాని యుక్కు సామాన్యముగా చెడియుండదు; పైని సన్నని తుప్పు మాత్రము పట్టియుండును. చెడునది పిడి. పిడి పగిలినది గదా యని మంచి కత్తిని పాతయినుము వానికి వేయువారు పెక్కుమంది. అట్లు చేయనక్కఱలేదు. రెండు కొయ్యపలకలు, కొంచెము ఇత్తడికడ్డీ, కొన్నిదినముల యోర్పు ఉన్నచో ఇంటనే క్రొత్తపిడిని అమర్చుకొనవచ్చును. ఆ విధమును వివరించుటయే నేటి ప్రసంగము.

పిడి యనగా పట్టుకొనుటకే యని మనము తలంతుము. మడతకత్తి విషయమున అది పూర్తిగా నిజము కాదు. క్షౌరమువేళ వ్రేళ్ళు ముఖ్యముగా పట్టునది అలుగు వెనుకనున్న మెడను. పిడి తూకమునకు తోడ్పడును. తక్కినకాలమంతయు అది కత్తికి ఒర. కత్తి మూసినప్పుడు పదునైన అంచు రెండుపలకల నడుమ దేనిని తాకక నిలువవలెను. ఈ పనియందలి నేర్పంతయు ఈ యొక్క విషయముననే కలదు.

దీనిని నేను నష్టపడి నేర్చికొంటిని. మా తండ్రిగారి కత్తికి పిడి చేయవలెనని యుత్సాహపడి, వానకాలమున కొట్టిన వేపకొమ్మను ఆఱనీయకయే పలకలు తీసితిని. పిడి చూచుటకు ముచ్చటగానే యుండెను. ఎండకాలము వచ్చుసరికి కొయ్య ఆఱి ఒకపలక లోపలికి వంగినది. నేను గమనింపక కత్తి మూయగా అంచు కొయ్యకు తగిలి చిన్నపెచ్చు లేచిపోయినది. ఆ లోపము పోవువఱకు రాతిమీద నూఱుటకు పలుదినములు పట్టెను. కత్తియు ఆ మేరకు అరిగిపోయెను. అరిగిన యుక్కు మరల రాదుగదా!

ఇంగ్లండులోని షెఫీల్డు, జర్మనీలోని జోలింగెన్ పట్టణములు ఈ కత్తులకు ప్రసిద్ధి కెక్కినవి. వాని పిడులు కొమ్ముతోను, ఎముకతోను, దంతముతోను, కొయ్యతోను చేసెడివారు. సుమారు 1870 తరువాత సెల్యులాయిడ్ అను పదార్థముతో చేసిన పిడులును వచ్చినవి. ఇది ముదిరి చెడినప్పుడు ఆమ్లపుటావిరి వెలువడి ఉక్కును తినివేయును. కర్పూరపువాసన కొట్టుచు పగుళ్ళువాఱిన పిడి కనబడినచో వెంటనే తీసివేయవలెను. దానిని నిప్పుదరి ఉంచరాదు, భగ్గున మండును. పాతపిడిని తీయునప్పుడు ముందుగా కత్తియంచునకు మందపు గుడ్డ చుట్టి దారముతో కట్టవలెను. పిమ్మట సీలతలలను ఆకురాయితో అరగదీసి, సీలను మెల్లగా వెలికి నెట్టవలెను.

ఇక కొయ్య. జిట్టేగి, తునికిచేవ, టేకు ఇందులకు తగినవి. కొండపల్లి బొమ్మలకు వాడు పొనికి మెత్తనిది, ఇచ్చట పనికిరాదు. శేషాచలపుటడవుల రక్తచందనము అందమైనదే గాని అనుమతిలేని సరకు కొనుట నేరము. అన్నిటికంటె మేలైన యుపాయము విఱిగిన పాతమంచపు పట్టెయో, కుర్చీకాలో వెదకుట. అది ఎన్నో యేండ్లు ఆఱినది గనుక వంకరపోవు భయము తక్కువ. పోగు పలక పొడవునకు సరిగా సాగవలెను. అడ్డముగా నున్నచో పలక తేలికగా విఱుగును. రంపపుపొట్టు, ముఖ్యముగా జిట్టేగిది, ముక్కునకు చెఱుపు. గుడ్డ కట్టుకొని పనిచేయుడు.

పలకలు ఒక్కొక్కటి సుమారు 6 అంగుళముల పొడవును, 3 మిల్లీమీటర్ల మందమును ఉండునట్లు కోసి, చిత్రిక పట్టవలెను. రెండింటి నడుమ కాగితముంచి జిగురుతో అతికించుడు. పాతపిడి రూపును పైని గీచి, రెండింటిని కలిపియే రంధ్రములు వేసి, కలిపియే ఆకురాయితో తీర్చవలెను. అప్పుడే అవి కవలలవలె సమముగా నుండును. రంధ్రములు రెండు: కత్తి తిరుగుచోట నొకటి, పిడికొనయందు నొకటి. బరమా నిలువుగా నుండవలెను. అది వాలినచో కత్తియు వాలును. తరువాత పలుచని కత్తితో కాగితపుటతుకు విడదీసి, ఉప్పుకాగితముతో నునుపు చేయవలెను.

ఇప్పుడు ముఖ్యమైన భాగము. పిడికొనయందు రెండుపలకల నడుమ చిన్నబిళ్ళ యుండును. దీనిని కొమ్ముతోనో, కొయ్యతోనో చేయుదురు. తూకమునకై సీసముతో చేసిన బిళ్ళలును కలవు. ఈ బిళ్ళ మందము కత్తితోక మందమునకు మించరాదు. అది లావైనచో పలకలు విచ్చుకొని కత్తి ఊగులాడును. మఱీ పలుచనైనచో పలకలు దగ్గఱకు వచ్చి అంచును తాకును. దాని రెండుముఖములును సమముగా లేనిచో కత్తి ఒకప్రక్కకు ఒరుగును. కావున మొదట కొంచెము లావుగా తీసి, తాత్కాలికముగా సన్ననితీగ దూర్చి కత్తిని మూసి చూచి, కొంచెము కొంచెముగా అరగదీయవలెను. తీసినది మరల అతుకదు. ఇచ్చట తొందర పనికిరాదు. కత్తిమొన ఆ బిళ్ళను తాకకుండుటయు చూచుకొనవలెను.

కూర్పునకు ముందే కొయ్యకు నూనె పట్టింపవలెను. నువ్వులనూనె గాని కొబ్బరినూనె గాని తగదు. అవి ఆఱక జిడ్డుగానే యుండును. అవిసెనూనె పలుచగా రుద్ది, తుడిచి, ఆఱనిచ్చి, మరల రుద్దుచు నాలుగైదు పూతలు వేసినచో తడిని కొంతవఱకు నిలుపును. ఒక హెచ్చరిక: ఆ నూనెగుడ్డను ఉండగా చుట్టి మూల పడవేయరాదు. అది తనంతతాను వేడెక్కి అంటుకొనగలదు. నీటిలో తడిపి, ఆరుబయట పఱచి ఆఱవేయుడు.

పిమ్మట అంగుళములో 16వ వంతు లావుగల ఇత్తడికడ్డీని దూర్చి, ఇరుప్రక్కల చిన్నబిళ్ళ లెక్కించి, వెలుపల కొంచెము మాత్రమే మిగులునట్లు కోయవలెను. చిన్నసుత్తెతో అంచువెంబడి తేలికదెబ్బలు పెక్కు వేయగా తల గుండ్రముగా విప్పారును. గట్టిదెబ్బ ఒక్కటి చాలును, పలక పగులుటకు. కత్తి మఱీ బిగువుగాను, మఱీ వదులుగాను ఉండరాదు. ఎంతమేరకు తెఱచిన అంతమేరకు నిలిచినచో పని సరిగా జరిగినట్లు. చివర వెలుతురునకు ఎదురుగా పట్టి చూడుడు: అంచునకు ఇరువైపుల సన్ననిసందు కనబడవలెను.

కొయ్యపిడి కత్తిని నీట నానవేయరాదు, మరుగనీట ఉడికింపరాదు. కావుననే దానిని ఒక్కరే వాడవలెను. హెపటైటిస్ వంటి వ్యాధులు ఒకరి రక్తమునుండి మఱియొకరికి కత్తిద్వారా సోకగలవు. క్షౌరశాలలలో ప్రతివారికిని క్రొత్తబ్లేడు వాడవలె ననుట ఇందుకే. వాడినపిదప తుడిచి, తెఱచియుంచి, పూర్తిగా ఆఱినపిదపనే మూయవలెను.

పెద్దలు విడిచిపోయిన వస్తువును పెట్టెలో దాచుట ఒకవిధమైన గౌరవము. దానిని పనికివచ్చునట్లు చేసి మనుమల చేతికిచ్చుట అంతకంటె మేలైనది. మా తండ్రిగారి కత్తికి రెండవసారి పాతమంచపు పట్టెతో పిడి చేసితిని. అనేక వేసవులు గడచినను ఆ సన్ననిసందు చెదరలేదు. మీరును ప్రయత్నింపుడు. నిదానమే ప్రధానము.