తొట్టి అడుగుకు చేరే వెలుగెంత?

పదో తరగతి దాటినవాళ్లలో హైడ్రిల్లా ప్రయోగం తెలియనివాళ్లు తక్కువ. బీకరులో నీళ్లు, నీళ్లలో హైడ్రిల్లా రెమ్మలు, వాటి మీద బోర్లించిన గరాటు, గరాటు కాడ మీద నీళ్లు నింపిన పరీక్షనాళిక. ఎండలో పెడితే తెగిన కొసల నుంచి బుడగలు వరసకట్టి లేస్తాయి. నీడలోకి జరిపితే మందగిస్తాయి. ఇంట్లో చేపల తొట్టిలో పచ్చని మొక్కలు పెంచాలనుకునే మనిషికి కావలసిన మొదటి పాఠం ఆ బీకరులోనే ఉంది. బల్బు ఖరీదెంత, ఏ కంపెనీది అన్నది మొక్కకు పట్టదు. ఆకు మీద సెకనుకు ఎంత కాంతి పడుతోందన్నదే దాని లెక్క.

అనకాపల్లి జిల్లాలోని నర్సీపట్నం వంటి పట్టణంలో ఉండేవాళ్లకు ఆ లెక్క తెలిస్తే చాలా డబ్బు మిగులుతుంది. మొక్కల తొట్ల కోసమే తయారైన దీపాలు నగరాల దుకాణాల నుంచో, కొరియర్‌లోనో రావాలి. రెండడుగుల తొట్టికి సరిపడే మంచి రకం వేల రూపాయలు పలుకుతుంది. వీధి చివర ఎలక్ట్రికల్ షాపులో దొరికే తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు వంద రూపాయలకు అటూ ఇటూగా వస్తుంది. రెండింటిలోనూ వెలుగునిచ్చే చిప్పు పనిచేసే తీరు ఒకటే. తేడా ఉన్నది రంగుల కూర్పులో, తడిని తట్టుకునే బిగింపులో, వెలుగును కిందికి మళ్లించే ఏర్పాటులో. ఆ తేడాలో చాలా భాగాన్ని ఇంట్లోనే చేతిపనితో పూడ్చుకోవచ్చు.

బల్బు ఇంత చౌక కావడం వెనకున్న కథలో ఉత్తరాంధ్రకూ చోటుంది. నీలి ఎల్ఈడీని సాధించినందుకు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకు 2014 అక్టోబరు 7న భౌతికశాస్త్ర నోబెల్ ప్రకటించారు. అయిదు రోజులకు హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడింది. స్తంభాలు కూలి చీకటైన ఆ నగరంలో కొద్ది నెలల్లోనే 90 వేలకు పైగా వీధి దీపాలను ఎల్ఈడీలుగా మార్చారు. 2015 జనవరిలో, ఎల్ఈడీ బల్బులను చౌకగా అందించే ఉజాలా పథకం దేశవ్యాప్తంగా మొదలైంది. కోట్ల బల్బులకు ఒకేసారి టెండర్లు పిలవడంతో, 2014 మొదట్లో ప్రభుత్వ సంస్థకు 310 రూపాయలు పడిన బల్బు 2016 నాటికి 38 రూపాయలకు దిగివచ్చింది. జపాన్‌లో హిరోషి అమానో ఇంటిపేరే ఉన్న తకాషి అమానో (1954–2015) అనే ఛాయాచిత్రకారుడు గాజు తొట్టిలో అడవిని, కొండవాలును తలపించే నీటి తోటలు పెంచి ప్రపంచానికి ఆ కళ నేర్పాడు. ఆయన తొట్ల మీద వేలాడిన మెటల్ హాలైడ్ దీపాలు బాగా వేడెక్కేవి, కరెంటునూ బాగానే తాగేవి. ఆ కళ ఈరోజు మధ్యతరగతి ఇంటికి అందుబాటులోకి వచ్చిందంటే నీలి ఎల్ఈడీని సాధించిన ఆ ముగ్గురి చలవే.

తెల్ల ఎల్ఈడీ నిజానికి నీలి ఎల్ఈడీయే. 450 నానోమీటర్ల దగ్గర నీలి కాంతినిచ్చే చిప్పు మీద పసుపుపచ్చని ఫాస్ఫర్ పూత ఉంటుంది. నీలి కాంతిలో కొంత ఆ పూతను తాకి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు కాంతులుగా మారుతుంది. అన్నీ కలిసి కంటికి తెలుపు. ఆకులోని పత్రహరితం నీలిని, ఎరుపును ఎక్కువగా పీల్చుకుంటుంది. ఈ సంగతిని 1880లలోనే థియోడర్ ఎంగెల్‌మాన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఒక పాచి పోగు మీద చూపించాడు. పట్టకంతో విడగొట్టిన రంగులను ఆ పోగు పొడవునా పడేలా చేసి, ఆక్సిజన్ ఉన్నచోటికి చేరే బ్యాక్టీరియాను నీటిలో వదిలితే, అవి నీలి, ఎర్ర రంగులు పడిన చోట గుమిగూడాయి.

ఇక్కడే చాలామంది జేబులు ఖాళీ అవుతున్నాయి. మొక్కకు కావలసినవి నీలి, ఎరుపులే కదా అని గులాబీ-ఊదా రంగు ‘గ్రో లైట్లు’ కొంటారు. కాని 1972లో కీత్ మెక్‌క్రీ 22 రకాల పంట మొక్కల మీద కొలిచి చూపినదాని ప్రకారం ఆకుపచ్చ కాంతి కూడా కిరణజన్య సంయోగక్రియకు బాగానే పనికొస్తుంది. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న కాంతి దాదాపు అంతా మొక్కకు ఆహారమే. గులాబీ దీపం కింద మొక్క పెరుగుతుంది, నిజమే. కాని దాని పచ్చదనం చచ్చిపోయినట్టు, చేప రంగు మాసిపోయినట్టు కనిపిస్తాయి. చూసి ఆనందించడానికి పెట్టుకున్న తొట్టికి అది న్యాయం కాదు. డబ్బా మీద 6500 కెల్విన్ అనో, కూల్ డేలైట్ అనో రాసి ఉన్న మామూలు తెల్ల బల్బు రెండు పనులకూ సరిపోతుంది. రంగుల నాణ్యతను చెప్పే సీఆర్ఐ అంకె 80కి పైన ఉంటే ఇంకా మంచిది.

ఇక ఎంత వెలుగు కావాలి? లీటరుకు ఇన్ని వాట్లు అన్న పాత సూత్రం ట్యూబ్‌లైట్ల కాలం నాటిది. వాట్ బల్బు తాగే కరెంటును చెబుతుంది, ఇచ్చే వెలుగును ల్యూమెన్లు చెబుతాయి. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ సుమారు 900 ల్యూమెన్లు ఇస్తుంది. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 36 ఎత్తు ఉన్న తొట్టినే తీసుకుందాం. దాని అడుగు వైశాల్యం 0.18 చదరపు మీటర్లు. బల్బు పైన తెల్లని రిఫ్లెక్టర్ ఉండి, వెలుగులో 40 శాతం ఇసుక దాకా దిగుతుందనుకుంటే 360 ల్యూమెన్లు. 0.18తో భాగిస్తే 2000 లక్స్. తెల్ల ఎల్ఈడీ విషయంలో లక్స్‌ను 70తో భాగిస్తే మొక్కల శాస్త్రజ్ఞులు వాడే కొలత ఉజ్జాయింపుగా వస్తుంది. అంటే చదరపు మీటరుకు సెకనుకు ఎన్ని మైక్రోమోల్స్ ఫోటాన్లు పడుతున్నాయన్నది. ఇక్కడ అది దాదాపు 28. తక్కువ వెలుగుతో బతికే మొక్కలకు 15 నుంచి 30 చాలు. ఒక్క బల్బు సరిపోయింది. రెండు పెడితే 55 దాటుతుంది, మధ్యరకం మొక్కలూ పెరుగుతాయి. నడివేసవి మధ్యాహ్నపు ఎండ ఇదే కొలతలో 2000 దాకా ఉంటుంది. నర్సీపట్నంలో కిటికీ పక్కన పెట్టిన తొట్టి వారం తిరక్కుండా పచ్చటి పాచి చారు కావడానికి కారణం అదే.

కాగితం మీది లెక్కను ఫోనుతో సరిచూసుకోవచ్చు. చాలా ఫోన్లలో ముందు కెమెరా పక్కన కాంతిని కొలిచే సెన్సర్ ఉంటుంది, లక్స్ మీటర్ యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. నీళ్లు పోయకముందే ఖాళీ తొట్టి అడుగున ఫోనును వెల్లకిలా పెట్టి మధ్యలో, నాలుగు మూలల్లో చూడాలి. అంకెలు ఉజ్జాయింపే అయినా మూలల్లో వెలుగు మధ్యలో ఉన్నదానికి ఎంత తక్కువో వెంటనే తెలిసిపోతుంది. ఒకే బల్బును మధ్యలో వేలాడదీసే బదులు తక్కువ వాట్ల బల్బులు రెండు దూరం దూరంగా పెట్టడం మేలన్న సంగతి ఈ పరీక్షతో కళ్లకు కడుతుంది.

బల్బు వెలుగు నాలుగు వైపులా చెదురుతుంది. పైకి, పక్కలకు పోయేదాన్ని కిందికి మళ్లించడమే సొంత తయారీలో అసలు పని. దుకాణాల బోర్డులు తయారుచేసే చోట మిగిలే తెల్ల ఏసీపీ షీటు ముక్కలు ఇందుకు బాగా పనికొస్తాయి. తొట్టి పొడవునా గూటిలా వంచి, పీవీసీ పైపు చట్రం మీద నిలబెట్టి, రెండు కొసలనూ గాలి ఆడేలా తెరిచి ఉంచాలి. వేడి బయటికి పోకపోతే, కరెంటును చిప్పుకు తగ్గట్టు మార్చే బల్బులోని డ్రైవర్ తొందరగా పోతుంది. నీటిలోకి దిగిన వెలుగు మాత్రం అనుకున్నంతగా పక్కలకు పారిపోదు. నీటి ఉపరితలం దగ్గర వంగిన కిరణాలు పక్క అద్దాలను ఏటవాలుగా తాకి, సంపూర్ణాంతర పరావర్తనం వల్ల చాలావరకు తిరిగి లోపలికే వస్తాయి. ఆప్టికల్ ఫైబర్‌లో వెలుగు ప్రయాణించేదీ ఈ సూత్రం మీదే. అయితే పై మూత అద్దం మీద బోరు నీటి సున్నపు మరకలు పేరుకుంటే ఆ లాభమంతా పోతుంది. గుడ్డ మీద కాస్త వెనిగర్ వేసి తుడిస్తే మరకలు వదులుతాయి.

నీటి పక్కన కరెంటు పెట్టేటప్పుడు పొదుపు మాట పక్కన పెట్టాలి. వెలుగు పెరుగుతుందని బల్బు మీది తెల్ల బుడ్డీని ఊడదీసే చిట్కా ఒకటి తిరుగుతోంది. అది ప్రాణాంతకం. చౌక బల్బుల్లో చాలావాటి డ్రైవర్‌కు 230 వోల్టుల లైను నుంచి విడదీసే ఏర్పాటు ఉండదు, కాబట్టి లోపలి చిప్పుల పలకను ముట్టుకుంటే నేరుగా లైను ముట్టుకున్నట్టే. ఇంతకంటే మంచి మార్గం 12 వోల్టుల మాడ్యూళ్లు. షాపుల సైన్‌బోర్డుల వెనక వరసగా అంటించే, మూడేసి చిప్పులున్న, తడి చొరబడకుండా సీలు చేసిన చిన్న బిళ్లలివి. అల్యూమినియం పట్టీ మీద వీటిని అంటించి, మంచి అడాప్టర్‌ను తొట్టికి దూరంగా, నీటి మట్టానికి ఎగువన బిగిస్తే తడిచేతికి తగిలే చోట 230 వోల్టులు ఉండవు. బల్బే వాడేవాళ్లు దాని వైరును ప్లగ్గు కన్నా కిందికి ఒక వంపు వేలాడేలా వదలాలి. వైరు మీదుగా జారే నీటి చుక్క ఆ వంపు దగ్గరే కింద పడుతుంది, సాకెట్‌లోకి పోదు. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న లైనులోనే తొట్టి ప్లగ్గు పెట్టాలి. ఎంసీబీ వైరింగును కాపాడుతుందే తప్ప షాక్ కొట్టిన మనిషిని కాపాడదు.

దీపం తయారయ్యాక దాన్ని పరీక్షించడానికి మళ్లీ ఆ హైడ్రిల్లాయే సాయం. వేలెడు పొడవు రెమ్మను తాజాగా తెంపి, తెగిన కొస పైకి ఉండేలా చిన్న రాయికి దారంతో కట్టి తొట్టి అడుగున నిలబెట్టాలి. పది నిమిషాలు ఆగి, నిమిషానికి ఎన్ని బుడగలు వస్తున్నాయో లెక్కపెట్టాలి. దీపాన్ని నాలుగు వేళ్లు పైకి జరిపి మళ్లీ, కిందికి దించి మళ్లీ. దగ్గరయ్యేకొద్దీ బుడగలు పెరుగుతాయి. ఒక హద్దు దాటాక మాత్రం దీపం ఎంత దించినా సంఖ్య దాదాపు అక్కడే నిలబడిపోతుంది. అక్కడ మొక్కకు కొరవడింది వెలుగు కాదు, కార్బన్ డై ఆక్సైడ్.

ఈ హద్దు అర్థమైతే పాచి గొడవ సగం తీరినట్టే. నీటిలో వాయువులు వ్యాపించే వేగం గాలిలో కన్నా పదివేల రెట్లు తక్కువ. గాలితో సమతూకంలో ఉన్న నీటిలో కార్బన్ డై ఆక్సైడ్ లీటరుకు అర మిల్లీగ్రాముకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. వేసవిలో నీళ్లు వేడెక్కితే ఇంకా తగ్గుతుంది. సిలిండరుతో వాయువు ఎక్కించే ఖరీదైన తొట్లలో ఇది 20, 30 మిల్లీగ్రాములు. అలాంటి తొట్టి ఫోటో చూసి, సిలిండరు లేకుండా దీపం ఒక్కటే అంత కాంతివంతంగా పెడితే మొక్కలు వాడుకోలేని వెలుగు మిగిలిపోతుంది, దాన్ని పాచి వాడుకుంటుంది. బోరు నీటికి ఇక్కడొక ఉపకారం ఉంది. అందులోని బైకార్బనేట్ నుంచి కార్బన్ లాక్కోగల శక్తి హైడ్రిల్లాకు, పొడవాటి పట్టీల్లాంటి ఆకులుండే వాలిస్నేరియాకు ఉంది. తక్కువ వెలుగులో నెగ్గుకు రావడంలోనూ హైడ్రిల్లా ఘనురాలే. 1976లో ఫ్లోరిడా శాస్త్రజ్ఞులు మరికొన్ని నీటి మొక్కలతో పోల్చి చూసినప్పుడు అన్నిటికంటే తక్కువ కాంతితో ప్రాణం నిలుపుకున్నది ఇదే.

వెలుగు ఎంతసేపు ఉండాలన్నది మరో ప్రశ్న. నర్సీపట్నం అక్షాంశం దగ్గర ఏడాదిలో అతి పెద్ద పగలు 13 గంటల పది నిమిషాలు, అతి చిన్నది 11 గంటల అయిదు నిమిషాలకు అటూ ఇటూ. తొట్టికి అంత అక్కర్లేదు. మొదట రోజుకు ఆరు గంటలు పెట్టి, పాచి రాకపోతే రెండు మూడు వారాలకోసారి అరగంట చొప్పున ఎనిమిదికి చేర్చవచ్చు. రోజూ ఒకే వేళకు వెలగడం ముఖ్యం కాబట్టి టైమర్ పెట్టుకోవడం మంచిది. గుండ్రంగా తిరిగే చౌక టైమర్ గడియారం కరెంటుతోనే నడుస్తుంది. రెండు గంటలు కరెంటు పోతే అదీ రెండు గంటలు వెనకబడుతుంది, నాలుగు కోతల తర్వాత దీపం అర్ధరాత్రి వెలుగుతుంది. కోతలున్న ఊళ్లలో లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ రకానికి ఇంకాస్త పెట్టడం దండగ కాదు. రెండు బల్బులు ఏడు గంటలు వెలిగినా నెలకు నాలుగు యూనిట్లు కావు. ఇనప చోక్ ఉన్న పాత 40 వాట్ల ట్యూబ్‌లైటు అదే పనికి పది యూనిట్లు మింగేది.

ఇంత వెలుగులో ఏం పెరుగుతాయంటే, మన నేల మొక్కలే ముందుంటాయి. అనకాపల్లి జిల్లాలోనే ఉన్న కొండకర్ల ఆవలో తాటి దోనె ఎక్కి నీళ్లలోకి తొంగిచూస్తే పైన తామరాకులు, కింద నీడలో అల్లుకున్న నీటి మొక్కలు కనిపిస్తాయి. తక్కువ వెలుగుకు ఎలాంటి మొక్కలు అలవాటుపడతాయో చెప్పడానికి అంతకంటే మంచి నమూనా లేదు. పక్షులు చేరే ఆ చెరువు జోలికి మాత్రం పోకూడదు. అక్వేరియం దుకాణాల్లో హైడ్రిల్లా, వాలిస్నేరియాతో పాటు భారతదేశంలో సహజంగా పెరిగే హైగ్రోఫిలా, క్రిప్టోకోరైన్ రకాలు కొద్ది ధరకే దొరుకుతాయి. వీటికి ఒకటి రెండు బల్బులు చాలు. నేలను చాపలా కప్పే చిన్న మొక్కల జోలికి, ఎర్రటి ఆకుల రకాల జోలికి మొదట్లోనే వెళ్లకపోవడం మంచిది.

వెలుగు కుదిరాక హైడ్రిల్లా నెల తిరగకుండానే నీటి పైదాకా అల్లుకుని కింది మొక్కలకు నీడ కమ్ముతుంది. కత్తిరించక తప్పదు. ఆ కత్తిరింపులను మురుగు కాలువలోనో చెరువులోనో వేయకూడదు, కణుపున్న చిన్న ముక్క చాలు మళ్లీ వేరు పట్టడానికి. 1950లలో శ్రీలంక నుంచి అక్వేరియం వ్యాపారం కోసం తీసుకెళ్లిన హైడ్రిల్లా ఫ్లోరిడా కాలువల్లోకి జారి, అక్కడి చెరువులను, పడవ దారులను కమ్మేసింది. దాన్ని అదుపు చేయడానికి ఆ రాష్ట్రం ఈనాటికీ డబ్బు పోస్తూనే ఉంది. ఇక్కడ అది స్థానిక మొక్కే అయినా, తొట్టిలో దానితో కలిసి పెరిగిన విదేశీ మొక్కల ముక్కలు, నత్తల గుడ్లు ఆ కట్టలో ఉండొచ్చు. డాబా మీద రెండు రోజులు గలగలలాడేలా ఎండబెట్టి, పూలకుండీల మట్టిలో కలిపేస్తే సరి.