పులసకూ జనాభా వున్నది!

వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు రాగానే నరసాపురం రేవులో పులస మాట మొదలవుతుంది. సముద్రంలో వున్నంతకాలం ఈ చేప పేరు విలస. గుడ్లు పెట్టటానికి వసిష్ఠ గోదావరిలోకి ఎదురీది వచ్చాకే అది పులస అవుతుంది.

వలలో పడిన ఒక్క పులస ఒక జీవి. దానితోపాటు ఏటికి ఎదురీదే పులసలన్నిటినీ కలిపి శాస్త్రజ్ఞులు "జనాభా" అంటారు. జనాభా మనుషులకే అనుకున్నారా?

పులస తన బంధువులతోనే బతకదు. కంటికి ఆననంత చిన్న నీటిమొక్కలనూ, జీవాలనూ అది తింటుంది. దాన్ని పెద్ద చేపలు తింటాయి, మనమూ తింటాము. ఇలా ఒకచోట బతికే రకరకాల జీవులన్నీ చేరితే "జీవసముదాయం". ప్రాణంలేని నీరు, ఉప్పు, ఒండ్రు, ఎండ కూడా కలిస్తే "ఆవరణ వ్యవస్థ". భూమిమీద వున్న ఇటువంటి వ్యవస్థలన్నీ కలిపి "జీవావరణం".

ఈ వ్యవస్థకు అడ్డంగా ఒక గోడ లేస్తే? నరసాపురానికి ఎగువన ధవళేశ్వరంలో కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తిచేశాడు. డెల్టా పచ్చబడింది, పులస దారికి మాత్రం అడ్డుపడింది. ఇప్పుడక్కడ బారేజి వున్నది. గుడ్లతో వచ్చిన పులసలు ఎక్కువగా దాని దిగువనే తిరుగుతాయి. వలలూ అక్కడే వుంటాయి. గుడ్లు పెట్టకముందే పట్టేస్తే పిల్లలెక్కడివి? ఇప్పుడు నరసాపురంలో ఒక్క పులస వేలరూపాయలు పలుకుతున్నది.