గాలిని నమ్ముకున్న బండికి కరెంటు

పాత అంబాసిడర్ బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టర్ విప్పితే ఎస్‌యూ కార్బొరేటర్ బయటపడుతుంది. పైన గుండ్రటి అల్యూమినియం మూత, దాని నెత్తిన ఒక మర. ఆ మర తిప్పి లాగితే నూనె ఓడుతూ సన్నటి కడ్డీ వస్తుంది. మూత లోపల పిస్టన్, పిస్టన్ అడుగున సూది. పైన లావుగా ఉండి మొనవైపు సన్నబడే ఆ సూది ఇత్తడి జెట్టులో పైకీ కిందికీ ఆడుతుంది. ఇంజన్ ఎంత గట్టిగా గాలి పీలిస్తే పిస్టన్ అంత లేస్తుంది. సూది అంత బయటికి జరుగుతుంది, జెట్టులో సందు పెరిగి పెట్రోలు అంత ఎక్కువ పోతుంది. పైనున్న నూనె పిస్టన్‌ను ఒక్కుదుటున లేవనీయదు. యాక్సిలరేటర్ తొక్కగానే కావలసిన కాస్త అదనపు పెట్రోలు ఆ ఆలస్యంలోంచే వస్తుంది. బ్యాటరీతో దీనికి పనే లేదు.

దీన్ని ట్యూన్ చేయడానికి పాతకాలపు మేస్త్రీకి చెవి చాలు. స్క్రూడ్రైవర్ మొనతో పిస్టన్‌ను మిల్లీమీటరు లోపే ఎత్తుతాడు. ఇంజన్ స్పీడు పెరిగి అక్కడే ఉండిపోతే పెట్రోలు ఎక్కువైనట్టు. వెంటనే పడిపోతే తక్కువైనట్టు. కొద్దిగా పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిపోయినట్టు. డ్రైవర్ సీట్లో కూర్చున్న ఓనరు ఊరికే ఉండలేక కాలు ఆడిస్తే, "సార్, రేస్ ఇయ్యకుండ్రి, జర ఇననియ్యుండ్రి" అని కసురుకోవడం హైదరాబాదు నాచారం, ఉప్పల్ షెడ్లలో మామూలే.

ఇంత చక్కటి యంత్రాన్ని తీసేసి ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఎందుకు పెట్టాలి? మైలేజీ కోసమని చాలామంది అంటారు. నా లెక్కలో అది రెండో కారణం. మొదటి కారణం ఉప్పల్లోని గాలిలోనూ, ఇప్పుడు బంకులో పోస్తున్న పెట్రోలులోనూ ఉంది.

ముందు గాలి సంగతి. ఉప్పల్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. (ఎత్తులు కొలవడం నేర్పే సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ కూడా ఉప్పల్లోనే ఉంది. ఈ అంకె మీద తగాదా వస్తే తీర్పుకు దూరం పోనక్కర్లేదు.) ఆ ఎత్తులో గాలి విశాఖ బీచ్ రోడ్డు గాలి కంటే 5 శాతం దాకా పలచన. కార్బొరేటర్ గాలి బరువును తూచదు, దాని ఊపును మాత్రమే చూస్తుంది. అందుకే సముద్రమట్టం దగ్గర సరిచేసిన జెట్టు ఇక్కడికొచ్చేసరికి గాలికి తగినదానికంటే రెండున్నర శాతం ఎక్కువ పెట్రోలు పోస్తుంది.

ఇక పెట్రోలు. అసలు పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక గ్రాముకు 14.7 గ్రాముల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 గ్రాములు చాలు, ఎందుకంటే దాని అణువులో ఆక్సిజన్ ముందే ఉంది. 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ-20 పెట్రోలుకు ఈ నిష్పత్తి 13.5 దగ్గరికి దిగుతుంది. అంటే అదే గాలికి 8 శాతం పైగా ఎక్కువ ఇంధనం పోయాలి. ఈ సంగతి 1960ల నాటి జెట్టుకు తెలియదు. తమాషా ఏమిటంటే, ఎత్తు వల్ల వచ్చిన అదనం ఇథనాల్ వల్ల వచ్చిన లోటులో కొంత పూడుస్తుంది, ఉప్పల్ అంబాసిడర్‌కు ఆ మేరకు అదృష్టం. మిగిలిన లోటు వేడిగా, మిస్సింగ్‌గా, చల్లటి ఉదయం మొరాయింపుగా బయటపడుతుంది. పాత రబ్బరు పైపులు ఇథనాల్‌కు ఉబ్బి పగలడం వేరే తలనొప్పి. మే నెలలో వరంగల్ రోడ్డు మీద, నారపల్లి ఫ్లైఓవర్ పిల్లర్ల పక్కన ట్రాఫిక్‌లో నిలబడితే, ఇంజన్‌కు అంటుకుని ఉన్న పెట్రోల్ పంపు కాగి లోపల ఆవిరి పడుతుంది. అప్పుడు పంపు మీద తడిగుడ్డ వేసి కూర్చోవడమే.

ఎస్‌యూ పుట్టింది పాదరక్షలు అమ్మే కుటుంబంలో. జార్జ్ హెర్బర్ట్ స్కిన్నర్ వాళ్లది లండన్లో లిల్లీ అండ్ స్కిన్నర్ అనే చెప్పుల వ్యాపారం. 1904–05 ప్రాంతంలో ఆయన చేసిన తొలి కార్బొరేటర్‌లో పిస్టన్‌కు బదులు తోలు తిత్తి ఉండేది. చేతికి అందిన సరుకు అదే మరి. 1940లో స్పిట్‌ఫైర్, హరికేన్ యుద్ధవిమానాల మెర్లిన్ ఇంజన్లలోనూ ఎస్‌యూ కార్బొరేటర్లే వాడారు. విమానం ముక్కును ఒక్కసారిగా కిందికి వంచితే ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు పైకెగిరి ఇంజన్ ఆగినంత పనయ్యేది. మెస్సర్‌ష్మిట్ 109కి సిలిండర్లలోకే పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ ఉండటంతో జర్మన్ పైలట్ ముక్కు వంచి జారుకునేవాడు. 1941లో బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు, నడిమధ్య చిల్లు ఉన్న చిన్న లోహపు బిళ్లను పెట్రోలు దారిలో బిగించి ఆ ఇబ్బందిని చాలావరకు అదుపులోకి తెచ్చింది. బిళ్లతో తీరింది ఆ ఒక్క చిక్కే. ఫ్లోట్ గిన్నెతో మొదలైన గొడవ అంతటితో ఆగలేదు.

మెస్సర్‌ష్మిట్‌ది మెకానికల్ ఇంజెక్షన్, కార్లకు మోయలేని ఖరీదు. కరెంటుతో తెరుచుకునే ఇంజెక్టర్లను అమెరికాలో బెండిక్స్ కంపెనీ 1957లో తెచ్చింది. మరుసటి ఏడాది క్రైస్లర్ దాన్ని 35 కార్ల దాకా బిగించింది. అప్పటి ఎలక్ట్రానిక్ భాగాలు ఇంజన్ వేడికీ అదురుకూ ఆగలేదు. ఆ కార్లలో చాలావాటిని వెనక్కి పిలిచి ఇంజెక్షన్ పీకి కార్బొరేటర్లు పెట్టారు. మనం ఇప్పుడు చేస్తున్న మార్పిడి చరిత్రలో తొలిసారి జరిగింది తలకిందులుగా! బెండిక్స్ పేటెంట్ల హక్కులు తీసుకున్న జర్మన్ కంపెనీ బాష్, 1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600తో దాన్ని నిలబెట్టింది. మైక్రోప్రాసెసర్ లేదు, లెక్కంతా ట్రాన్సిస్టర్లదే. అదే 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ పుట్టింది. నాచారం నుంచి మల్లాపూర్ మీదుగా పోతే ఈసీఐఎల్ చౌరస్తా ఎంతో దూరం కాదు. లేత్ పట్టేవాడూ సోల్డరింగ్ పట్టేవాడూ ఒకే పేటలో దొరకడానికి ఆ పొరుగే కారణమని నా నమ్మకం.

మన దేశంలో ఇంజెక్షన్‌ను ఇంటింటికీ తెచ్చింది కోర్టు. 1999 ఏప్రిల్ 29న ఢిల్లీ ప్రాంతపు కొత్త కార్లకు యూరో ప్రమాణాల గడువులు పెడుతూ సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చాక, మారుతి 800 వెనక అద్దం మీద ఎంపీఎఫ్‌ఐ (సిలిండర్‌కొక ఇంజెక్టర్) అన్న అక్షరాలు గొప్పగా వెలిశాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చి బైకులకూ స్కూటర్లకూ అదే గతి పట్టించింది. ఉప్పల్ రింగ్ రోడ్డు పక్కన పంక్చర్ షాపును ఆనుకుని ఉన్న బైకు మెకానిక్ కూడా ఇప్పుడు స్కానర్ కేబుల్ మెడలో వేసుకుని తిరుగుతున్నాడు. సెన్సర్లంటే ఇక ఎవరికీ బెదురు లేదు.

మరి పాత అంబాసిడర్‌కు దీన్ని ఎలా పెట్టాలి? మారుతి ఇంజన్ తలకాయలో ప్రతి సిలిండర్‌కూ సొంత గాలిదారి ఉంది. అంబాసిడర్ 1489 సీసీ బి-సిరీస్ ఇంజన్‌లో నాలుగు సిలిండర్లకు గాలిదారులు రెండే. 1, 2 సిలిండర్లు ఒకదాన్ని పంచుకుంటాయి, 3, 4 మరొకదాన్ని. ఫైరింగ్ వరుస 1-3-4-2. వరుస చూస్తే చిక్కు అర్థమవుతుంది. 3 పీల్చిన వెంటనే 4 పీలుస్తుంది, తర్వాత ఆ దారి ఒక చుట్టంతా ఖాళీ. ఈ ఖాళీలో ఇంజెక్టర్ పోసిన పెట్రోలు దారిలో నిలిచి ఉంటే ముందు పీల్చిన సిలిండర్ సింహభాగం తాగేస్తుంది, రెండోది ఎండుతుంది. దారికొక ఇంజెక్టర్ పెట్టేసి ఎంపీఎఫ్‌ఐ అనేస్తే రెండు ప్లగ్గులు నల్లగా, రెండు తెల్లగా తేలతాయి. అందుకే ఎస్‌యూ కూర్చున్న చోటనే థ్రాటిల్ బాడీ పెట్టి, అక్కడే పెట్రోలు చిమ్మించడం తెలివైన పని. గాలీ పెట్రోలూ కలిసేందుకు మానిఫోల్డ్ పొడవంతా దొరుకుతుంది. ఆ థ్రాటిల్ బాడీకి అడాప్టర్ ప్లేటు, క్రాంక్ పుల్లీకి పళ్ల చక్రం నాచారం లేత్ షాపులో చేయించుకోవచ్చు. చక్రానికి 36 పళ్ల చోటులో ఒక పన్ను వదిలేస్తారు. ఆ ఖాళీ సెన్సర్ ముందుకొచ్చిన ప్రతిసారీ క్రాంక్ ఎక్కడుందో కంప్యూటర్‌కు తెలుస్తుంది.

ఆ కంప్యూటర్ కంపెనీ సరుకే కానక్కర్లేదు. అమెరికాలో బ్రూస్ బౌలింగ్, అల్ గ్రిప్పో 2001 ప్రాంతంలో మొదలెట్టిన మెగాస్క్వర్ట్ దగ్గర్నుంచి ఇప్పటి స్పీడ్యూనో దాకా ఇంట్లో కట్టుకునే బోర్డులు చాలా ఉన్నాయి. మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి, గాలి వేడి, నీళ్ల వేడి, థ్రాటిల్ తెరిచిన మేర, సైలెన్సర్ గొట్టంలో మిగిలిన ఆక్సిజన్, అన్నీ చూసి ఇంజెక్టర్ ఎంతసేపు తెరవాలో అది నిర్ణయిస్తుంది. ఉప్పల్ ఎత్తు ఒత్తిడి సెన్సర్‌కు కనబడుతుంది, ఈ-20 లోటు ఆక్సిజన్ సెన్సర్‌కు కనబడుతుంది. ఐడ్లింగులో 800 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో సిలిండర్ 150 మిల్లీసెకన్లకోసారి పీలుస్తుంది. ఆ విడతకు కావలసింది 10 మిల్లీగ్రాములకు అటూఇటూ పెట్రోలు. ఇంజెక్టర్ తెరిచి ఉండేది కొద్ది మిల్లీసెకన్లే.

అసలు పని ఇక్కడే మొదలవుతుంది. స్విచ్ వేయగానే ఇంజెక్టర్ తెరుచుకోదు. 14 వోల్టుల దగ్గర సుమారు ఒక మిల్లీసెకను ఆలస్యం, 10 వోల్టులకు పడితే ఒకటిన్నర రెట్ల పైనే. తెరిచి ఉండేదే కొద్ది మిల్లీసెకన్లయినప్పుడు ఈ తేడా చిన్నదేమీ కాదు. కార్బొరేటర్ బండి వాక్యూమ్ మీద నడుస్తుంది, ఇంజెక్షన్ బండి వోల్టేజి మీద నడుస్తుంది. బ్యాటరీ డౌనయితే హ్యాండిల్ తిప్పి, లేదా నలుగురు తోసి పాత అంబాసిడర్‌ను లేపవచ్చు. పంపూ కంప్యూటరూ బతకనిదే కొత్తది లేవదు. పాత డైనమో ఐడ్లింగులో ఛార్జే చేయదు, డాష్‌బోర్డు మీద ఎర్రలైటు వెలుగుతూ ఉంటుంది. పంపు, కాయిల్, ఇంజెక్టర్లు, ఫ్యాను కలిసి ఆ సమయానికే పదేసి ఆంపియర్లు లాగుతాయి. కాబట్టి ఇంజెక్షన్ కిట్టుకు డబ్బు కట్టే ముందు ఆల్టర్నేటర్ పెట్టించాలి. ఇంజన్ నుంచి బాడీకి మందపాటి ఎర్త్ పట్టీ వేయాలి, తుప్పు గీకి మరీ. సెన్సర్ వైర్లను ప్లగ్ వైర్ల పక్కన పోనివ్వకూడదు. మోరిస్ కార్ల వారసత్వంగా వచ్చిన బాగా పాత బండ్లలో బ్యాటరీ పాజిటివ్ బాడీకి కట్టి ఉంటుంది. చూసుకోకుండా బోర్డు తగిలిస్తే బూడిదే. నాకు తెలిసి ఇలాంటి మార్పిళ్లలో సగం ఫిర్యాదులు పెట్రోలువి కావు, ఎర్తింగువి.

పెట్రోలు వైపు జాగ్రత్త ఒత్తిడి దగ్గర. పాత పంపు ఇచ్చేది 0.3 బార్ లోపు, ఇంజెక్టర్లకు కావలసింది చాలా సెట్టింగుల్లో 3 బార్ దాకా. పాత రబ్బరు పైపూ క్లిప్పూ దానికి ఆగవు. మిగిలిన పెట్రోలు తిరిగి ట్యాంకులోకి పోవడానికి ఇంకో పైపు లాగాలి, మలుపుల్లో పంపు గాలి పీల్చకుండా ట్యాంకు దగ్గర చిన్న గిన్నె అమర్చాలి. కార్బొరేటర్ బండిలో ఇంజన్ ఆగితే పంపూ ఆగుతుంది. ఎలక్ట్రిక్ పంపుకు ఆ బుద్ధి లేదు. యాక్సిడెంటులో పైపు తెగినా చిమ్ముతూనే ఉంటుంది. పళ్ల చక్రం తిరగడం ఆగిన రెండు సెకన్లలో పంపు రిలే పడిపోయేలా బోర్డులో సెట్ చేయాలి. ఢీకొంటే సర్క్యూట్ తెంపే ఇనర్షియా స్విచ్ కూడా వేసుకోవాలి. ఇది లేని బండి నేనైతే ఎక్కను.

చట్టం మాటేమిటి? తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చవద్దని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2021 జులైలో వచ్చిన వింటేజ్ నిబంధనలు 50 ఏళ్లు దాటిన బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తాయి గానీ, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు ఉండకూడదంటాయి. కాబట్టి 1960ల నాటి ఒరిజినల్ అంబాసిడర్ చేతిలో ఉంటే దాని ఎస్‌యూను కదపొద్దు. ఈ-20కి తగిన పైపులు మార్చి, సూదీ జెట్టూ సరిచేయించి ఆదివారాలు తిప్పుకోండి. రోజూ ఆఫీసుకు నడిపే 1980ల బండి అయితే ముందు ఆర్టీఏలో కనుక్కుని, చిల్లులు పడని పద్ధతిలో, మళ్లీ వెనక్కి మార్చగలిగేలా ఇంజెక్షన్ పెట్టించండి. తీసిన కార్బొరేటర్‌నూ, దాని లింకేజీనీ, గాస్కెట్లనూ పారేయకుండా ఒక పెట్టెలో చేర్చి బండితోపాటే ఉంచండి. రేపు అమ్మబోతే కొనేవాడు మొదట అడిగేది దాన్నే.