పక్కవాద్యం పీఠమెక్కింది!

విద్యార్థిగా చేరదామని వెళ్లిన కుర్రాడు ఉపాధ్యాయుడై తిరిగొచ్చాడు. గాయకుడి పక్కన కూర్చోవాల్సిన ఫిడేలును వేదిక మధ్యలో కూర్చోబెట్టాడు. కంటిచూపు అంతంతమాత్రమే అయినా, నాదం ఎంత దూరం వెళ్తుందో ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియదేమో! ఆయనే 'ఫిడేలు నాయుడు'... ద్వారం వెంకటస్వామి నాయుడు.

అది 1919. విజయనగరంలో సంగీత కళాశాల కొత్తగా తెరిచారు. విశాఖపట్నం నుంచి ఓ యువకుడు ఫిడేలు పట్టుకుని వచ్చాడు. సీటు ఇస్తే చదువుకుంటానన్నాడు. 'ఏదీ, కాస్త వాయించు' అన్నారు పెద్దలు. వాయించాడు. ఆ వాదన విన్నాక ఆయన్ని విద్యార్థుల వరసలో కూర్చోబెట్టడానికి వాళ్లకు మనసొప్పలేదు. వయొలిన్ ఆచార్యుడిగా ఉద్యోగమిచ్చారు. అప్పటికి ఆయనకు 26వ ఏడు.

సంగీత లోకంలో ఇప్పటికీ మురిపెంగా చెప్పుకునే ముచ్చట ఇది. కానీ ద్వారం జీవితంలో అసలు పరీక్ష ఆ రోజున జరిగింది కాదు. అది ఇంకా పంతొమ్మిదేళ్ల తర్వాత, వెల్లూరులో ఆయన కోసం ఎదురుచూస్తోంది!

దొరల వాద్యం... మన రాగం

వయొలిన్ మనది కాదు. ఐరోపా నుంచి ఓడలెక్కి వచ్చింది. అక్కడ దాన్ని గడ్డం కింద పెట్టుకుని, నిలబడో కుర్చీలో కూర్చునో వాయిస్తారు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఈ వాద్యాన్ని నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. తంజావూరు సోదరుల్లో ఒకరైన వడివేలు దానికి మరింత ప్రాచుర్యం తెచ్చారు. ఆయనకు తిరువాన్కూరు మహారాజు స్వాతితిరునాళ్ దంతపు వయొలిన్ బహూకరించారు.

మనవాళ్లు వయొలిన్ ఆకారాన్ని ముట్టుకోలేదు. పట్టుకునే తీరునే మార్చేశారు. నేల మీద బాసింపట్టు వేసుకుని, వాద్యం తలను కుడి పాదం మడమ దగ్గర ఆనించి, రెండో చివరను భుజానికి తాకించుకున్నారు. దాంతో ఎడమచేతికి వాద్యాన్ని మోసే బరువు తప్పింది. ఇక వేళ్లు తీగల మీద పైకీ కిందకీ హాయిగా జారొచ్చు. వీణకు ఉన్నట్టు దీనికి మెట్లు లేవు. ఒక స్వరం నుంచి మరో స్వరానికి పాకుతూ వెళ్లే మన గమకానికి ఇంతకన్నా అనువైన వాద్యం ఇంకేం కావాలి? నాలుగు తీగలను సా-పా-సా-పాలకు శ్రుతి చేసుకున్నారు. అంతే! పరాయి వాద్యం ఇంట్లో మనిషైపోయింది.

అయితే ఇంట్లో మనిషికి ఇచ్చింది మాత్రం పక్క పీటే. పాట గాయకుడిది. ఫిడేలు ఆయన నీడ.

అన్న దగ్గర అక్షరాభ్యాసం

వెంకటస్వామి నాయుడు 1893 నవంబరు 8న, దీపావళి నాడు బెంగుళూరులో పుట్టారు. తండ్రి వెంకటరాయుడు సైన్యంలో అధికారి. ఉద్యోగ విరమణ తర్వాత ఆ కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడింది. ద్వారం పెరిగిందంతా అక్కడే. తొలి గురువు సొంత అన్న వెంకటకృష్ణయ్య. కంటిచూపు సరిగా లేని ఆ తమ్ముడికి తీగలే లోకమయ్యాయి. పుస్తకం చూసి నేర్చుకోవడం కష్టమే. కానీ సంగీతం చెవితో నేర్చుకునే విద్య కదా! విన్నదాన్ని మనసులో దాచుకోవడం, దాన్నే మళ్లీ మళ్లీ సాధన చేయడం... అలా సాగింది ఆయన చదువు.

ఆయన విన్నది మన సంగీతం ఒక్కటే కాదు. పాశ్చాత్య విద్వాంసుల వాదననూ శ్రద్ధగా వినేవారు. వాళ్లు కమానును ఈ కొస నుంచి ఆ కొస వరకూ ఎలా లాగుతున్నారు, నాదం ఎక్కడా గరగరలాడకుండా ఎలా నిలుపుతున్నారు అన్నదే ఆయన ఆసక్తి. అక్కడి బాణీని తెచ్చి ఇక్కడ అతికించలేదు. అక్కడి పద్ధతితో ఇక్కడి రాగాన్ని పలికించారు. ద్వారం వాయిద్యం అనగానే రసికులకు ముందుగా గుర్తొచ్చేది ఆ తేనెలాంటి నాదమే.

అంధ బాలుడి కోసం ఓ బడి

విజయనగరం సంగీత కళాశాల పుట్టుక వెనకా ఓ కథ ఉంది. సంస్థానంలో పనిచేసే ఓ ఉద్యోగి కుమారుడికి చూపు లేదు. పిల్లవాడికి సంగీతమంటే ప్రాణం. ఆ బాలుడి కోసం ఆలోచించిన మహారాజు విజయరామ గజపతిరాజు, అలాంటి పిల్లలందరికీ పనికొస్తుందని ఏకంగా సంగీత పాఠశాలే పెట్టించారని చెబుతారు. తొలి ప్రిన్సిపాలు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు.

చూపు లేని పిల్లవాడి కోసం మొదలైన బడికి, చూపు మందగించిన విద్వాంసుడు ఆచార్యుడు కావడం విధి కూర్చిన శ్రుతి కాబోలు! 1936లో దాసుగారి తర్వాత ద్వారం ఆ కళాశాలకు ప్రిన్సిపాలయ్యారు. ఆయన ఏలుబడిలోని రోజుల్లోనే ఘంటసాల వెంకటేశ్వరరావు అక్కడ చదువుకున్నారు. మధూకరం ఎత్తుకుని కడుపు నింపుకుంటూ, పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర శాస్త్రీయ సంగీతం అభ్యసించారు. నేదునూరి కృష్ణమూర్తి 1940లో చేరిందీ ఆ కళాశాలలోనే. గాయని పి.సుశీల సంగీతం చదివిందీ అక్కడే. తెలుగు నేల మీద పాట వినే ప్రతి ఇంటికీ ఆ కళాశాలతో ఏదో ఒక చుట్టరికం ఉందన్నమాట.

పక్కన కూర్చోవడమంటే...

కచేరీలో వయొలిన్ విద్వాంసుడి పని బయటికి కనిపించేంత తేలిక కాదు. గాయకుడు ఏం పాడబోతున్నాడో ముందే తెలియదు. ఆయన ఆలాపన ఎత్తుకోగానే రెప్పపాటు వెనక అనుసరించాలి. ఆయన ఆపిన చోట నాదం తెగిపోకుండా నిలబెట్టాలి. తన వంతు వచ్చినప్పుడు అదే రాగాన్ని కొద్దిలో, తనదైన అందంతో వాయించాలి. అలాగని గాయకుణ్ని మించిపోయినట్టు కనిపించకూడదు! కల్పనాస్వరాల్లో ఆయన విసిరిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబివ్వాలి. బాగుంటే చప్పట్లు ఇద్దరికీ. తేడా వస్తే మాట పడేది మాత్రం పక్కవాద్యమే.

ద్వారం ఈ పనిని ఎన్నో ఏళ్లు చేశారు. ఆనాటి ఉద్దండ గాయకుల పక్కన కూర్చున్నారు. మైసూరు చౌడయ్య, కుంభకోణం రాజమాణిక్యం పిళ్లై లాంటి హేమాహేమీలు వయొలిన్‌ను ఏలుతున్న కాలమది. మైకులు సరిగా లేని ఆ రోజుల్లో చివరి వరసకు వినిపించాలని చౌడయ్య తీగలు పెంచి ఏడు తీగల వయొలిన్ చేయించుకున్నారు. ద్వారం నాలుగు తీగలనే నమ్ముకున్నారు. శబ్దాన్ని పెంచడం కాదు, నాదాన్ని శుద్ధి చేయడం ఆయన దారి.

మాటల్లేని పాట

1938. వెల్లూరు. వేదిక మీద గాయకుడు లేడు. గాయకుడి చోటులో నల్లకళ్లద్దాల నాయుడుగారు, ఆయన చేతిలో ఫిడేలు!

ఈ రోజుల్లో వయొలిన్ సోలో కచేరీ అంటే ఎవరికీ వింత కాదు. అప్పట్లో అది సాహసమే. వీణకు సొంత కచేరీలు ఉన్నాయి. వేణువుకు ఉన్నాయి. నాదస్వరం సంగతి చెప్పనే అక్కర్లేదు. కానీ ఫిడేలును పాటకు తోడుగానే చూడటానికి జనం అలవాటు పడ్డారు. పెళ్లికొడుకు లేకుండా తోడి పెళ్లికొడుకును ఊరేగిస్తామంటే ఎవరొస్తారు? పైగా ఆయనకు అప్పటికి నలభై అయిదేళ్ల దరిదాపు. పేరూ, పదవీ, గౌరవం అన్నీ ఉన్నాయి. జనం లేచి వెళ్లిపోతే పోయేది ఆ పేరే.

ఇబ్బంది ఇంకొకటి ఉంది. త్యాగరాజ కీర్తనకు సగం ప్రాణం మాటల్లో ఉంటుంది. వయొలిన్ మాటలు పలకలేదు. మరెలా? ఇక్కడే కమాను పనితనం కావాలి. సాహిత్యంలో అక్షరం ఎక్కడ విరుగుతుందో కమాను అక్కడ మళ్లాలి. దీర్ఘం ఎక్కడ సాగుతుందో నాదం అక్కడ సాగాలి. మాట మధ్యలో కమాను తిప్పితే అర్థం విరిగినట్టే. అంటే వాయించేవాడికి పాట మొత్తం లోపల పాడుకోవడం వచ్చి ఉండాలి. ద్వారం వాదనలో తెలిసిన కీర్తన వింటుంటే శ్రోత పెదవుల మీద మాటలు వాటంతటవే కదులుతాయి!

ఆయన గెలిచారు. తర్వాత సోలో కచేరీలు వరస కట్టాయి. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సభలకు అధ్యక్ష పీఠం ఆయన్ని వరించింది. ఎన్నో ఏళ్లు గాయకుల పక్కన కూర్చున్న ఫిడేలు విద్వాంసుడు, ఆ గాయకులంతా హాజరయ్యే సభకు అధ్యక్షుడయ్యారు. సంగీత కళానిధి అనిపించుకున్నారు. తమిళ విద్వాంసుల కోట అనుకునే మద్రాసులో విజయనగరం పేరు మోగింది. 1953లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1957లో పద్మశ్రీ వచ్చాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణతో గౌరవించింది.

ఆ ఇంట్లో ఇద్దరు

పెద్ద హాళ్లలో కన్నా ద్వారం నాదం దగ్గరగా కూర్చుని వింటేనే బాగా పట్టుబడుతుంది. ఐరోపాలోనూ ఇలాంటి సంప్రదాయం ఒకటి ఉంది. నలుగురైదుగురు విద్వాంసులు ఓ గదిలో, కొద్దిమంది శ్రోతల ముందు వాయిస్తారు. దాన్నే వాళ్లు ఛాంబర్ మ్యూజిక్ అంటారు. మన జమీందారుల మండువాల్లో, పెద్దల ఇళ్ల హాళ్లలో జరిగిన కచేరీలూ దాదాపు అలాంటివే.

అలాంటి ఓ ఇంటి కచేరీ చరిత్రలో మిగిలిపోయింది. ప్రపంచ ప్రఖ్యాత వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ 1952లో మన దేశానికి మొదటిసారి వచ్చారు. ఆయన్ని ఆహ్వానించింది ప్రధాని నెహ్రూ. మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పి.వి.రాజమన్నార్ మన తెలుగువారే. కళలంటే చెవి కోసుకునే మనిషి. తర్వాత కేంద్ర సంగీత నాటక అకాడమీకి తొలి అధ్యక్షుడైందీ ఆయనే. మెనుహిన్ ద్వారం వాదన విన్నది ఆ రాజమన్నార్ ఇంట్లోనే.

ఒక్కసారి ఊహించుకోండి. చిన్నప్పటి నుంచి వయొలిన్‌తో ప్రపంచాన్ని ఊపేసిన కళాకారుడు ఒకవైపు. అదే వాద్యాన్ని నేల మీద కూర్చుని, మడమకు ఆనించి వాయిస్తున్న నాయుడుగారు ఇంకోవైపు. ఒకరి సంగీతం ముందుగా రాసిపెట్టిన కాగితం మీద నడుస్తుంది. మరొకరిది అప్పటికప్పుడు మనసులో పుడుతుంది. విన్న మెనుహిన్ ముచ్చటపడి మెచ్చుకున్నారు. దొరల దేశం నుంచి వచ్చిన వాద్యం ఇక్కడ ఇంకో జన్మ ఎత్తిందని ఆయన చెవులకు అర్థమైపోయింది!

చీకటిని తెలిసినవాడు

1952లోనే ద్వారం ఢిల్లీలో అంధుల సహాయార్థం కచేరీ చేశారు. చూపు లేకపోవడమంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. తన లోటును తలుచుకుంటూ కూర్చోలేదు. ఆ లోటున్న మరికొందరికి తన చేతిలో ఉన్న విద్యతో సాయపడ్డారు.

పాఠం విషయంలో మాత్రం రాజీ లేదు. శ్రుతి కుదరందే స్వరం లేదు, సాధన లేకుండా కచేరీ లేదు. ఆ క్రమశిక్షణ ఇంట్లోనూ వేళ్లూనుకుంది. కుమారుడు ద్వారం భావనారాయణరావు, ఆ కుటుంబానికే చెందిన ద్వారం నరసింగరావు తర్వాతి కాలంలో అదే విజయనగరం కళాశాలకు ప్రిన్సిపాళ్లయ్యారు. కుమార్తె ద్వారం మంగతాయారు వయొలిన్ విదుషిగా పేరు తెచ్చుకున్నారు. ఒక ఇంటిపేరు ఒక వాద్యానికి మారుపేరైన సందర్భాలు ఎన్ని ఉంటాయి చెప్పండి!

1964 నవంబరు 25న ద్వారం కన్నుమూశారు. శతజయంతి సందర్భంగా 1993లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది. ఆయన వాదన గ్రామఫోను రికార్డుల్లో, రేడియో ధ్వనిముద్రికల్లో కొంత మిగిలింది. పాత రికార్డు కదా, వెనకాల కాస్త గరగర వినిపిస్తుంది. నాలుగు క్షణాలు ఓపిక పడితే చాలు. ఆ గరగరను పక్కకు తోస్తూ పొడుగాటి కమాను ఒకటి మెల్లగా సాగుతుంది.

ఈసారి కచేరీకి వెళ్లినప్పుడు గాయకుడితో పాటు ఆ పక్కన కూర్చున్న ఫిడేలు మనిషినీ ఓ కంట గమనించండి. ఆ పీట ఎంత బరువైనదో, దాని మీద నుంచి లేచి నడుమ కూర్చోవడానికి ఎంత గుండె కావాలో నాయుడుగారు ఎప్పుడో వాయించి చూపించారు.