సెల్ఫ్ తిరుగుతుంది, బండి మాత్రం లేవదు

ఎప్పుడూ ఆకు గురించీ పురుగు గురించీ మాట్లాడుకుంటాం. ఈసారి గూళ్లు మోసే బండి గురించి రాస్తున్నాను. ఎందుకంటే నెల రోజుల కష్టం చివరికి ఆ బండి మీదే ఎక్కుతుంది.

పోయిన చలికాలంలో జరిగిన మాట. మాది గౌరిబిదనూరు పక్కన పల్లె. 200 గుడ్ల పంట బాగా వచ్చింది. చంద్రికల నుంచి గూళ్లు విడిపించి, చచ్చినవి, మరకవి ఏరేసి, వల సంచుల్లోకి వదులుగా నింపినాము. 140 కేజీల దాకా ఉండింది. తెల్లవారి నాలుగున్నరకు బయలుదేరి మంచేనహళ్లి, చిక్కబళ్లాపురం మీదుగా శిడ్లఘట్ట మార్కెట్టుకు పోయి, వేలానికి ముందే లాటు పెట్టాలని అనుకున్నాం.

కీ తిప్పినాను. సెల్ఫ్ గిర్రుమని తిరిగింది. ఇంజను మాత్రం అందుకోలేదు. మళ్లీ తిప్పినాను, మళ్లీ తిప్పినాను. పావుగంట అదే పని. చివరికి గిర్రుమనే సెల్ఫ్ ఊఁ... ఊఁ... అని మూలగడం మొదలుపెట్టింది. ఒక జబ్బు ఉండింది, నేను రెండోది తెచ్చి పెట్టినాను.

మా వీధిలో ట్రాక్టర్లు బాగుచేసే పెద్దాయన ఒకరు ఉండారు. ఆయన్ను లేపుకొచ్చినాను. వస్తానే అడిగినారు, "సెల్ఫ్ కొట్టేటప్పుడు సైలెన్సర్లో పొగ వచ్చిందా నాయనా?"

"చూడలేదు మామా."

"మరి ఇంతసేపు ఏం చూసినావు?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు ఆయన నేర్పిన వరస మీకు చెప్తున్నాను. ఇది కంప్యూటర్ లేని పాత పంపు డీజిల్ బండ్లకు. మనలో చాలామంది దగ్గర ఉండేవి ఇవే.

మొదట సెల్ఫ్ శబ్దం వినాలి. నెమ్మదిగా మూలిగితే, లైట్లు మసకబారితే బ్యాటరీ, లేదంటే దాని టెర్మినళ్లు చూడాలి. డీజిల్ బండికి స్పార్క్ ఉండదు. గాలిని ఇరవై వంతుల్లో ఒక వంతుకు అదిమితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. సెల్ఫ్ మెల్లగా తిరిగితే ఆ వేడి పుట్టదు. శబ్దం మామూలుగా ఉంటే బ్యాటరీ జోలికి పోవద్దు. ఒకసారికి పది సెకన్లకు మించి కొట్టవద్దు, మధ్యలో ఒక నిమిషం ఆగాలి. లేకపోతే సెల్ఫ్ మోటరు కాలుతుంది.

రెండోది పొగ. ఒకరు సెల్ఫ్ కొట్టాలి, ఇంకొకరు సైలెన్సర్ దగ్గర నిలబడాలి. తెల్లపొగ వస్తా ఉంటే డీజిల్ లోపలికి పోతోంది, అంటుకోవడం లేదు అని అర్థం. అప్పుడు హీటర్ ప్లగ్గులు, వాటి ఫ్యూజు చూడాలి. ఏర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయిందేమో విప్పి చూడాలి. ఇవన్నీ బాగుండి కూడా లేవకపోతే కంప్రెషనో, పంపు టైమింగో. అది మెకానిక్ పని. పొగ అసలు రాకపోతే డీజిల్ అందడం లేదు. మన వెతుకులాట ట్యాంకు నుంచి పంపు దాకా మాత్రమే. ఈ ఒక్క గుర్తుతో సగం పని తగ్గిపోతుంది.

ట్రాక్టర్ బ్యాటరీ నుంచి కేబుళ్లు వేసి సెల్ఫ్ కొట్టినాము. మా బండికి పొగ రాలేదు.

మూడోది ట్యాంకు. మీటరు ముల్లును నమ్మవద్దు, మూత తీసి శుభ్రమైన పుల్ల పెట్టి చూడండి. మాకు డీజిల్ ఉండింది.

నాలుగోది పంపు మీద ఉండే కటాఫ్ సోలినాయిడ్. కీ ఆన్ చేయగానే అక్కడ 'టక్' అని చిన్న శబ్దం రావాలి. రాకపోతే ఫ్యూజు పోయిందేమో, వైరు ఊడిందేమో చూడాలి. ఎలుకలు వైర్లు కొరకడం మనకు కొత్త కాదు. మాకు 'టక్' వచ్చింది.

అయిదోది ఫిల్టరు, ఏర్. ఫిల్టరు కింద స్క్రూ వదులు చేస్తే ముందు నీళ్లుంటే నీళ్లు దిగుతాయి. దాన్ని బిగించి, ఫిల్టరు పైన ఏర్ స్క్రూ కొంచెం వదులు చేసి, చేతిపంపు నొక్కాలి. ఆయన నొక్కితే మెత్తగా, పట్టు లేకుండా దిగింది. స్క్రూ దగ్గర డీజిల్‌కు బదులు నురగ వచ్చింది. "ఏర్ పట్టింది. ఎట్లా పట్టిందో చూస్తాం రా" అన్నారు.

టార్చి వేసి ట్యాంకు నుంచి పైపు వెంట చెయ్యి పెట్టుకుంటూ వచ్చినారు. ఫిల్టరుకు ముందు క్లిప్పు దగ్గర రబ్బరు పైపు వెంట్రుకవాసి పగిలి ఉంది. కింద చుక్క డీజిల్ కారలేదు. అక్కడ పంపు డీజిల్‌ను లాక్కుంటుంది కాబట్టి బయటికి కారదు, గాలిని లోపలికి పీలుస్తుంది. రాత్రంతా నిలబడితే పైపులో డీజిల్ ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున సెల్ఫ్ ఎంత కొట్టినా పంపుకు గాలే అందుతుంది.

పగిలిన కొన అంగుళం కోసేసి, పైపు మళ్లీ తొడిగి, కొత్త క్లిప్పు బిగించినారు. నురగ పోయి తేటగా డీజిల్ వచ్చేదాకా చేతిపంపు కొట్టి ఏర్ స్క్రూ బిగించినారు. మూడోసారికి బండి లేచింది. అయిన ఖర్చు ఒక క్లిప్పు. అప్పటికి తొమ్మిది దాటింది, ఆ రోజు మార్కెట్టు పోయింది.

సంచుల్లో ఉంచితే గూళ్లు వేడెక్కి చెమటపడతాయి, దారం సరిగా రాదు. అందుకని అన్నీ విప్పి నీడలో పలచగా పరిచినాము. మర్నాడు తూకంలో నాలుగు కేజీలు తగ్గింది. లోపల ప్యూపా బతికే ఉంటుంది కదా, దినదినానికీ బరువు దిగుతుంది, ఎక్కువ రోజులు ఆపితే చిటుకలు గూడు తొలుచుకొని బయటికే వస్తాయి. ధర మన చేతిలో లేదు. ఆ నాలుగు కేజీలు మాత్రం నా చేతిలో ఉండె.

ఎందుకంటే బండి నాకు ముందే చెప్పింది. మూడు వారాల నుంచి పొద్దున పూట సెల్ఫ్ కొంచెం ఎక్కువసేపు కొడితే గాని లేచేది కాదు. చలికి అనుకున్నాను. పురుగు ఒక పూట ఆకు సరిగా తినకపోతే తట్టలన్నీ వెతికే మనిషిని, బండి విషయంలో అట్లా చూడలేదు.

ఇప్పుడు నేను పాటించేవి చెప్తాను. గూళ్లు విడిపించే రోజు సాయంత్రమే బండి లేపి చూస్తాను. రబ్బరు పైపులు వంచి పగుళ్లు చూస్తాను. ఫిల్టరులో నీళ్లు దించుతాను. ఒక మూర పైపు, రెండు క్లిప్పులు, రెండు ఫ్యూజులు సీటు కింద ఉంటాయి. ఇంకో బండి ఉన్న పక్క రైతుకు ముందురోజే ఒక మాట చెప్పి పెడతాను.

మూడు జాగ్రత్తలు. బండి లేవలేదని పెట్రోలు గుడ్డ ఏర్ ఫిల్టర్ దగ్గర పెట్టవద్దు, హీటర్ ప్లగ్గు ఉన్న ఇంజనులో మంట ఎగదన్నుతుంది. కొత్త కామన్ రైల్ బండ్లలో ఇంజెక్టర్ పైపులు మీరు విప్పవద్దు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. ఇక డీజిల్ చేతులతో పురుగుల ఇంట్లోకి పోవద్దు. సబ్బుతో కడుక్కొని, బట్టలు మార్చుకొని ఆకు ముట్టండి. అదే బండిలో ఆకు తెచ్చేవాళ్లు డీజిల్ పడిన చోటు కడిగి, ఆరిన తర్వాతే ఆకు వేయండి.

మీ బండి ఇట్లా మొండికేసిన రోజు ఉంటే గ్రూపులో వాయిస్ పెట్టండి. సెల్ఫ్ శబ్దం ఎట్లా ఉండింది, పొగ వచ్చిందా లేదా, ఈ రెండూ తప్పకుండా చెప్పండి. తర్వాతే మిగతా మాట.